వార్డు బయటి కబుర్లు: పెద్ద హోటలు గడప

పోయిన నెల ఈ శీర్షికలో విటమిన్ డి గురించి వ్రాస్తే, "డాక్టరు గారూ, పత్రికలో కూడా ప్రిస్క్రిప్షనేనా?" అని ఇద్దరు సోదరీమణులు ఫోను చేసి మరీ అడిగారు. అందుకని ఈ నెల మందుల ఊసు లేదు. హోటళ్ళ గురించి వ్రాస్తున్నాను. ఇడ్లీ, దోసె దొరికే హోటళ్ళు కావు. మనకి హోటలంటే అన్నం పెట్టే చోటు, ఇక్కడి వాళ్ళకి పడక ఇచ్చే చోటు. అందులోనూ డబ్లిన్ నగరంలో వంద, రెండు వందల ఏళ్ళ నాటి పెద్ద హోటళ్ళు.

నాకు ఈ జ్ఞానం మా నాయన వల్ల వచ్చింది. ఆయన ప్రొద్దుటూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఈ వేసవిలో మా దగ్గరికి వచ్చి మూడు నెలలున్నారు. మా అమ్మాయి పాస్‌పోర్టు పని మీద ఎంబసీకి వెళ్ళాల్సి వచ్చి, ఆయన్ని కూడా డబ్లిన్ తీసుకువెళ్ళాను. దారిలో రైల్లో అడిగాను, "మ్యూజియం చూస్తారా, జూ చూస్తారా?" అని.

"వెల్లెస్లీ ఇల్లు హోటలు చేసినారంట గదా, అది చూపించు" అన్నారు.

నేను ఏడేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. అలాంటి ఇల్లొకటి ఉందని నాకు తెలియదు. ఎంబసీ పని పదకొండింటికే అయిపోయింది. అక్కడి నుంచి నడుచుకుంటూ మెరియన్ స్ట్రీట్ చేరాం. ప్రభుత్వ కార్యాలయాల ఎదురుగా, ఎర్ర ఇటుకల ఇళ్ళు నాలుగు ఒక వరుసలో ఉంటాయి. పద్దెనిమిదో శతాబ్దం నాటివి. వాటిని కలిపి 1997లో మెరియన్ హోటల్‌గా తెరిచారు. అందులో 24వ నెంబరు మార్నింగ్‌టన్ హౌస్, అంటే వెల్లెస్లీల ఇల్లు. వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన ఆర్థర్ వెల్లెస్లీ 1769లో ఇక్కడే పుట్టాడని చెప్తారు. మనకి కావలసిన వాడు అతని అన్న రిచర్డ్. 1798 నుంచి 1805 దాకా గవర్నర్ జనరల్‌గా ఉండి, సైన్య సహకార ఒప్పందాలతో దేశీయ రాజుల్ని ఒక్కొక్కరినే కుంపెనీ కొంగుకి కట్టేసుకున్న వాడు. ఆ సైన్యం ఖర్చుల కింద నిజాం 1800లో కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాల్ని, కర్నూలు దిక్కు కొంత భాగాన్ని వదులుకున్నాడు. వాటికే దత్త మండలాలని పేరు వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు సీడెడ్ అన్నారు. 1928లో రాయలసీమ అనే పేరు పెట్టుకునేదాకా మా వాళ్ళు ఆ పేరుతోనే బతికారు. సినిమా పంపిణీదారుల లెక్కల్లో ఇవాళ్టికీ మేము సీడెడే.

నాయన ఆ తలుపు ముందు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఏ ఆవేశపు మాటో అంటారనుకున్నాను. "ఈ ఇంటాయన మన జిల్లా తీసుకుంటే, నేను ముప్ఫై రెండేళ్ళు ఆయన మీద మూడు మార్కుల ప్రశ్నలు ఇచ్చినాను. చెల్లుకు చెల్లు" అన్నారు.

అక్కడి నుంచి అయిదు నిమిషాల నడక స్టీఫెన్స్ గ్రీన్. ఆ పార్కుకి ఉత్తరం వైపున షెల్బోర్న్ హోటల్. ఆ హోటలంటే నాకొక పాత సంకోచం ఉంది. మొట్టమొదట మెడికల్ కౌన్సిల్ వారి పరీక్ష వ్రాయడానికి డబ్లిన్ వచ్చినప్పుడు, పరీక్ష అయ్యాక సరిగ్గా ఆ హోటల్ ఎదురుగా పార్కు బెంచీ మీద కూర్చుని, దుకాణంలో కొన్న శాండ్‌విచ్ తిన్నాను. వాన మొదలైంది. లోపలికి పోయి ఒక కాఫీ తాగితే ఎవరూ కాదనరు. జేబులో డబ్బులు కూడా ఉన్నాయి. కానీ తలుపు దగ్గర పొడుగు కోటు, టోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి కాళ్ళు కదలలేదు. తడుస్తూ బస్టాపుకి పోయాను. ఆ తర్వాత కన్సల్టెంట్ల మధ్య నిలబడి రోగి కేసు చెప్పడం నేర్చుకున్నాను గాని, ఆ తలుపు మాత్రం నెట్టలేదు. మనలో ఇలాంటి వాళ్ళు నేనొక్కడినే అయివుండను.

ఈ హోటల్‌ని 1824లో టిప్పరరీ నుంచి వచ్చిన మార్టిన్ బర్క్ అనే ఆయన మూడు ఇళ్ళు తీసుకుని మొదలుపెట్టాడు. ఇప్పుడు కనిపించే కట్టడం 1860ల నాటిది. గుమ్మం ముందు దీపాలు పట్టుకున్న నాలుగు స్త్రీ విగ్రహాలుంటాయి. ఫ్రాన్సులో పోతపోసి తెచ్చినవి. 2020 జూలైలో, అందులో రెండు బానిసల బొమ్మలన్న అనుమానంతో హోటలు వారు వాటిని తీయించేశారు. తర్వాత కళాచరిత్రకారులు పరిశీలించి, అవి బానిసల బొమ్మలు కావని, ఈజిప్టు, నూబియా స్త్రీల రూపాలని తేల్చారు. డిసెంబరులో మళ్ళీ నిలబెట్టారు. నాయనకి ఈ సంగతి చెప్తే, "బానిసలో రాణులో పక్కన పెట్టు. నూటయాభై ఏళ్ళు వచ్చేపోయే వాళ్ళకి దీపం పట్టినారు. వాళ్ళ మొహం వైపు ఎవరన్నా చూసినారా అని అడుగు" అన్నారు. అప్పుడు నవ్వేశాను. ఆ మాట సాయంత్రం నాకే తగులుతుందని తెలియదు.

1916 ఏప్రిల్‌లో, ఈస్టర్ తిరుగుబాటు నాడు, పార్కులో ఐరిష్ సిటిజన్ ఆర్మీ వాళ్ళు కందకాలు తవ్వుకుని కూర్చున్నారు. నాయకుడు మైకేల్ మాలిన్, ఉపనాయిక కౌంటెస్ మార్కీవిచ్. చుట్టూ ఎత్తయిన భవనాలున్న పార్కులో గుంటలు తవ్వుకోవడం ఎంత తెలివితక్కువ పనో మర్నాడే తెలిసింది. బ్రిటిష్ సైనికులు రాత్రికి రాత్రి షెల్బోర్న్‌లో చేరి, మంగళవారం తెల్లవారుతుండగా పై అంతస్తుల నుంచి మరతుపాకులు పేల్చారు. తిరుగుబాటుదార్లు పార్కు వదిలి పడమటి వైపున్న రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లోకి తప్పుకున్నారు. మెంబర్‌షిప్ పరీక్షల కోసం ఆ మెట్లెక్కిన మిత్రులు ఈసారి స్తంభాలను తడిమి చూడండి, గుళ్ళ దెబ్బలు ఇంకా ఉన్నాయి. ఆ కాల్పుల మధ్యలోనే పార్కు కాపలాదారు చెరువులో బాతులకి మేత వేయడానికి రెండు పక్షాలూ రోజూ కాసేపు తుపాకులు ఆపేవని చెప్తారు.

సరిగ్గా ఆరేళ్ళకి, 1922లో, అదే హోటల్లో మొదటి అంతస్తు 112వ నెంబరు గదిలో స్వతంత్ర ఐరిష్ రాజ్యానికి రాజ్యాంగం తయారయింది. సంఘానికి అధ్యక్షుడు మైకేల్ కాలిన్స్. ఇది వినగానే నాయన కళ్ళు మెరిశాయి. "ఆదేశిక సూత్రాలు! ఏ దేశం నుంచి? ఐర్లండు! ప్రతి సంవత్సరం ఇచ్చే బిట్టు!" అని నడిరోడ్డు మీద చప్పట్లు కొట్టారు. ఆయన్ని సరిదిద్దే అవకాశం నాకు జీవితంలో ఒక్కసారి దొరికింది. మనవాళ్ళు ఆదేశిక సూత్రాలు తీసుకున్నది 1937లో వచ్చిన రెండో రాజ్యాంగం నుంచి, ఈ గదిలో వ్రాసిన దాని నుంచి కాదు. "సర్లే, తల్లి వేరైనా ఊరొకటే గదా" అన్నారు.

ఈ పార్కు పక్కనే ఆ రోజుల్లో యూనివర్సిటీ కాలేజీ ఉండేది. అందులో 1913లో చేరిన విద్యార్థుల్లో మన బరంపురం కుర్రవాడు ఒకడున్నాడు. వయసు పంతొమ్మిదేళ్ళు. పేరు వరాహగిరి వెంకటగిరి. లా చదువుకోవడానికి వచ్చాడు. ఆ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే థామస్ మక్డోనా తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకడై, 1916 మే 3న తుపాకీ గుళ్ళకి బలయ్యాడు. భారతీయ విద్యార్థుల గదులు పోలీసులు సోదా చేశారు. గిరిగారికి జూన్ 21న బారిస్టరు పట్టా వచ్చింది, జూలై 1 లోగా దేశం వదలమని ఉత్తర్వూ వచ్చింది. వీసా గడువు దగ్గరపడినప్పుడు మనకి నిద్ర పట్టదు గదా, ఆయనకి ఇచ్చింది నెల రోజులే. ఆయనే స్వదేశానికి పోయి రైల్వే కార్మికుల సంఘాలు కట్టి, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు.

కార్మికుల గురించి గిరిగారు ఆలోచించడం డబ్లిన్‌లో ఎందుకు మొదలైందో తెలియాలంటే లిఫీ నది దాటి ఓకానెల్ స్ట్రీట్‌కి వెళ్ళాలి. దారిలో డాసన్ స్ట్రీట్‌లో నాయనకి ఒక దుకాణాల సందు చూపించాను. అక్కడ 1751 నుంచి రాయల్ హైబర్నియన్ అనే హోటలుండేది. 1982లో మూసేశారు. సందుకి మాత్రం పేరు మిగిలింది.

ఓకానెల్ స్ట్రీట్‌లో జనరల్ పోస్టాఫీసుకి ఎదురుగా, క్లెరీస్ బట్టల కొట్టు భవనం ఉన్న చోట, ఒకప్పుడు ఇంపీరియల్ హోటలుండేది. యజమాని విలియం మార్టిన్ మర్ఫీ. ట్రాములూ ఆయనవే, వార్తాపత్రికా ఆయనదే. 1913లో యూనియన్‌లో చేరిన వాళ్ళని పనిలోంచి తీసేయమని యజమానులందరినీ కూడగట్టిన మనిషి. కార్మిక నాయకుడు జిమ్ లార్కిన్ ఆగస్టు 31 ఆదివారం నాడు ఈ వీధిలో మాట్లాడి తీరతానన్నాడు. ప్రభుత్వం సభని నిషేధించింది. వీధి నిండా పోలీసులు. లార్కిన్ గడ్డం అతికించుకుని, పొడుగు కోటు తొడుక్కుని, చెవుడొచ్చిన ముసలి పాద్రీ వేషంలో సాక్షాత్తూ మర్ఫీ గారి హోటల్‌కే వచ్చాడు. పక్కన నెల్లీ గిఫర్డ్ అనే అమ్మాయి మేనకోడలి వేషంలో. మాటలన్నీ ఆమే మాట్లాడింది. ఎందుకంటే లార్కిన్ పుట్టింది లివర్‌పూల్‌లో. నోరు విప్పితే యాసతో దొరికిపోతాడు! అలా లోపలికి పోయి, వీధి వైపున్న కిటికీ దగ్గరికి చేరి, జనాన్ని చూసి నాలుగు మాటలు అన్నాడో లేదో పట్టుకున్నారు. కింద పోలీసులు జనాన్ని లాఠీలతో చితకబాదారు. ఇప్పుడు ఆ వీధి మధ్యలో రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి నిలబడ్డ విగ్రహం ఆయనదే. గిరిగారు చదువుకి వచ్చిన సంవత్సరం ఇదే. ఇంపీరియల్ హోటలు 1916 మంటల్లో కాలిపోయింది.

యాస వల్ల దొరికిపోతాడని నోరు మూసుకున్న సంగతి నాయనకి బాగా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకున్నారు.

కొంచెం పైకి వెళితే గ్రెషమ్ హోటల్. 1817లో దీన్ని పెట్టిన థామస్ గ్రెషమ్ తల్లిదండ్రులెవరో తెలియని అనాథ అనీ, లండన్ రాయల్ ఎక్స్చేంజ్ మెట్ల మీద దొరికితే ఆ కట్టడం పెట్టించిన ఆయన పేరే పిల్లాడికి పెట్టారనీ అంటారు. దీని వరుసలోనే హమామ్ అనే హోటలుండేది. అది వైద్యులు తెలుసుకోవలసిన కథ. కార్క్ దగ్గర బ్లార్నీలో ఉండే రిచర్డ్ బార్టర్ అనే డాక్టరు వేడిగాలి స్నానంతో రోగాలు తగ్గుతాయని నమ్మి, 1856లో అక్కడొక టర్కీ స్నానశాల కట్టించాడు. 1869లో డబ్లిన్‌లో ఇది తెరిచాడు. ఆ రోజుల్లో పట్నంలో చాలామందికి ఇంట్లో స్నానానికి వేడినీళ్ళు కూడా లేవు. కాబట్టి బార్టర్ గారి వైద్యం సగమైనా పనిచేసే ఉంటుంది.

1922లో స్వాతంత్ర్యం వచ్చీరాగానే అన్నదమ్ముల యుద్ధం వచ్చింది. ఒప్పందాన్ని కాదన్న వాళ్ళు ఈ హోటళ్ళ వరుసలో గోడలకి కన్నాలు చేసి ఒకదానిలోంచి ఒకదానిలోకి నడుస్తూ పోరాడారు. ప్రభుత్వ సైన్యం ఫిరంగులు పేల్చింది. జూలై 5న మంటల్లోంచి చివరగా బయటికి వచ్చిన కాహల్ బ్రూవాకి తొడలో గుండు తగిలి ఫెమోరల్ ఆర్టరీ తెగింది. లిండా కర్న్స్ అనే నర్సు ఆస్పత్రి చేరేదాకా ఆ ధమనిని తన వేళ్ళతో నొక్కి పట్టుకుంది. రెండు రోజులకి ఆయన పోయాడు. హమామ్ కాలిపోయింది, గ్రెషమ్ కూడా కాలి 1927లో మళ్ళీ లేచింది. 2016లో ఒక స్పెయిన్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. నాయన లెక్క కట్టి చెప్పారు: "దొరలది ఒకటి, దొరలు ఉండిపోయింది ఒకటి, కాలిపోయింది ఒకటి, కాలి లేచింది ఒకటి. అన్నింటికీ యజమానులు మారినారు. గోడలకి పక్షం లేదురా, లోపల ఉన్నోళ్ళదే ఆ పూట హోటలు."

ఇక అసలు సంగతి. కాళ్ళు నొప్పులు పుట్టాయి. "ఇంత చెప్పినావు, ఒక దాంట్లో టీ అయినా తాగించవా?" అన్నారు. ఏ హోటలో చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. తలుపు దగ్గర మనిషి చిరునవ్వుతో తలుపు తీశాడు. ఇన్నేళ్ళ నా భయం అర నిమిషంలో అయిపోయింది. మూడంతస్తుల పళ్ళెంలో కీరదోస ముక్కలు పెట్టిన బ్రెడ్డు, వేలెడంత కేకులు వచ్చాయి. నాయన ధర చూసి ఇంట్లో ఆరు నెలల పాల ఖర్చని తేల్చారు.

టీ తెచ్చిన కుర్రవాడికి పాతికేళ్ళు కూడా లేవు. ఛాతీ మీద పేరు బిళ్ళ చూశాను. మన పేరే. అతనూ మమ్మల్ని చూశాడు. నేనేం చేశానో దాచకుండా వ్రాస్తున్నాను. రౌండ్స్‌లో వాడే ఇంగ్లీషు తీసి, అదే స్వరంతో, పాలు విడిగా తెమ్మని చెప్పాను. అతనూ ఇంగ్లీషులోనే "తప్పకుండా సార్" అన్నాడు.

నాయన తల ఎత్తి, "ఏం నాయనా, తెలుగు పిల్లోడివేనా? ఏ ఊరు?" అన్నారు, హాలంతా వినబడేటట్టు. నేను బల్ల కింద ఆయన కాలు నొక్కాను. ఆయన పట్టించుకోలేదు.

"మార్కాపురం తాతా" అన్నాడు కుర్రవాడు. ఆ మొహంలో వెలుగు నేను మరిచిపోలేను. ఎమ్మెస్సీ చదువుతున్నాడట. కాలేజీ రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోనిస్తారు, ఇప్పుడు సెలవులు కనుక ఎక్కువ చేస్తున్నాడు. అన్నీ నాయనే అడిగారు. వెళ్ళబోతూ నా వైపు తిరిగి, "డాక్టరు గారూ, మీరు నాకు తెలుసండి. మన ఉగాది ఫంక్షన్లో మీకు పులిహోర వడ్డించాను. టికెట్టు కొనలేదండి, వడ్డనకి సాయం చేస్తే రానిచ్చారు" అన్నాడు.

ఉగాది నాడు ఆ వరుసలో రెండుసార్లు పులిహోర పెట్టించుకున్నాను నేను. గరిటె గుర్తుంది. మనిషి మొహం గుర్తు లేదు.

తిరుగు రైల్లో నాయన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఆ లార్కిను నోరు తెరిస్తే దొరికిపోతానని మూసుకున్నాడు. పోలీసులున్నారు, సరే. నీకేం దొరికిపోతుందని మూసుకున్నావురా?"

నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు తలుపు బయట వానలో నిలబడ్డ వాడిని, లోపలికి వచ్చిన వెంటనే, ఇంకో తెలుగువాడు టీ తెస్తుంటే చూడనట్టు ఉండడం ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే, దీపావళి వేడుక ఈసారి ఒక పెద్ద హోటల్లో చెయ్యాలని కార్యవర్గంలో అనుకున్న సంగతి మీకు తెలుసు. చెయ్యి ఎత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. హోటలు వద్దనడం లేదు. ఒక పూటకి ఆ హాలు మనదవుతుంది, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ టికెట్టు ధరలో విద్యార్థి పిల్లలు రాలేరు, వస్తే మళ్ళీ గరిటెతోనే వస్తారు. అందుకని రెండు విన్నపాలు. ఒకటి, విద్యార్థులకి టికెట్టు వద్దు, పని కూడా వద్దు. అతిథులుగా రానివ్వండి. వాళ్ళ భోజనం ఖర్చు ఉద్యోగాల్లో ఉన్న మనం తలా కొంచెం వేసుకుంటే పెద్ద భారం కాదు. రెండు, హోటలు వారి వడ్డన కాకుండా మన పిండివంటలు పెట్టే బల్ల దగ్గర మనమే వంతుల వారీగా నిలబడదాం. స్టెతస్కోపు పట్టిన చేతికి గరిటె బరువేమీ కాదు.

నాయన ఆగస్టు చివర్లో ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. ప్రతి ఆదివారం ఫోనులో మనవరాలి తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: "ఆ మార్కాపురం పిల్లోడు బాగున్నాడా?" మొదటి రెండు వారాలు బాగున్నాడని అబద్ధం చెప్పాను. ఆ రోజు కనీసం అతని ఫోన్ నెంబరు కూడా అడగలేదు నేను. మూడో వారం సెలవు పెట్టి డబ్లిన్ వెళ్ళి, అదే బల్ల దగ్గర కూర్చుని, తెలుగులో టీ అడిగి, నెంబరు తీసుకున్నాను. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి భోంచేసి వెళ్ళాడు. పులిహోర నేను వడ్డించాను.

దీపావళి వడ్డనకి పేర్లు ఇవ్వదలచిన వాళ్ళు కార్యదర్శి గారికి తెలియజేయండి. మొదటి పేరు ఇచ్చేశాను.